గడ్డం అనే మాట

తెలుగులో చుబుకానికీ, మగవాళ్ళు పొద్దున్నే గీసుకునేదానికీ ఒకటే మాట, గడ్డం. కన్నడంలోనూ అంతే, గడ్డ. చిన్నప్పుడు కదిరిలో మా జేజి గడ్డం పట్టుకుని ముద్దు చేసేది కాబట్టి నాకు చాలాకాలం మొదటి అర్థమే గుర్తు. బెంగళూరొచ్చిన కొత్తలో మారతహళ్ళి పార్లర్‌లో కనుబొమలు చేస్తున్న అమ్మాయి దారం పళ్ళమధ్య పట్టుకునే "గడ్డానూ మాడ్లా మేడమ్?" (గడ్డం కూడా చేయనా) అనింది. పక్క కుర్చీలో ఇద్దరు తలలు తిప్పి చూశారు. రెండో అర్థం ఆరోజు వచ్చింది.

నాకున్నది పిసిఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అండాశయాల హార్మోన్లు అదుపు తప్పే సమస్య). ఆ కథ మీలో చాలామందికి తెలుసు, తొందరగా చెప్పేస్తాను. నెలసరి రెండు మూడు నెలలకోసారి, మెడ వెనక నలుపు (అది మురికి కాదు, బట్టతో రుద్దితే పోదు, ఇన్సులిన్ ఎక్కువైందనే గుర్తు), పదిహేడేళ్ళప్పట్నుంచి పైపెదవి మీద, గడ్డం కింద మెల్లగా ముదురుతున్న వెంట్రుకలు, తలమీద మాత్రం పాపిట వెడల్పు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయాలు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఎక్కువ తయారుచేస్తాయి. అదే ఇన్సులిన్ కాలేయంలో తయారయ్యే ఎస్‌హెచ్‌బిజి అనే ప్రోటీన్‌ని తగ్గిస్తుంది. టెస్టోస్టిరాన్‌ని పట్టి ఉంచేది ఆ ప్రోటీనే. అది తగ్గితే విడిగా తిరిగే హార్మోన్ పెరుగుతుంది. గడ్డం దగ్గర నూగు దానికి ముదురు వెంట్రుకవుతుంది, నడినెత్తిన జుట్టు అదే హార్మోన్‌కి సన్నబడుతుంది. పైన రాలకుండా మాత్రలు, కింద రాకుండా దారం. ఐదేళ్ళు అలా గడిపాను. ఆ జుట్టు మాత్రలే నన్ను ముంచబోయాయి.

ఒక పెద్ద ఆసుపత్రిలో హార్మోన్ పరీక్షలు రాశారు. టెస్టోస్టిరాన్ 226 వచ్చింది. 200 దాటితే అండాశయంలోనో కిడ్నీ మీదుండే అడ్రినల్ గ్రంథిలోనో కణితి ఉందేమో చూడాలన్నది డాక్టర్లు వాడే గీత. టిఎస్‌హెచ్ 0.1, అంటే థైరాయిడ్ కూడా ఎక్కువ పనిచేస్తున్నట్టు. డాక్టర్ గారు రిపోర్టు ఫోన్లోనే చూసి, లిఫ్ట్ బటన్ నొక్కుతూ, "కణితి లేదని తేలేదాకా ఏమీ చెప్పలేను, సోమవారం సిటి స్కాన్ తీయించండి" అన్నారు. లిఫ్ట్ వచ్చింది, వెళ్ళిపోయారు. అది శుక్రవారం సాయంత్రం.

ఆ రాత్రి సంగతి ఒక్కటి చెప్తాను. కణితి అయితే గొంతు మగగొంతవుతుందని ఎక్కడో చదివాను. పీజీ హాస్టల్లో అందరూ పడుకున్నాక బాత్రూమ్‌లో బకెట్ బోర్లించి కూర్చుని, రెండేళ్ళ కిందట అమ్మకి పంపిన వాయిస్ మెసేజీలు వెతికి విన్నాను. "అమ్మా, బస్సెక్కినా, పడుకో" అనే మెసేజ్ నలభైసార్లు విని ఉంటాను. తర్వాత అదే మాట మళ్ళీ రికార్డు చేసి రెండూ పోల్చాను. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది కదా, నిజంగానే తేడా వినపడింది. తెల్లారి నాలుగింటిదాకా నాకు కణితి ఖాయం.

అక్కడ ఆ డాక్టర్ అడగాల్సినవి రెండే ప్రశ్నలు. ఎన్నాళ్ళనుంచి? పదేళ్ళు. కణితి పదేళ్ళు నింపాదిగా రాదు. కొన్ని నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరగడం, గొంతు మారడం, నుదుటి మూలల్లో బట్టతల, జననాంగం దగ్గర చిన్న మొన పెద్దదవడం, కండలు తిరగడం లాంటివి కనపడతాయి. మీకు అలా ఉంటే ఇది చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వాయిదా వేయొద్దు. రెండో ప్రశ్న, ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు?

ఆ ప్రశ్న అడిగింది డాక్టర్ కాదు. శనివారం జయనగర్‌లో ఇంకో డాక్టర్, ఒక పెద్దాయన్ని కలిస్తే, సిటికి ముందు రక్తపరీక్ష మళ్ళీ వేరే ల్యాబ్‌లో చేయించమన్నారు. అక్కడ రక్తం తీసే అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో, చేతికి రబ్బరు కట్టి ఆగి, "అక్కా, జుట్టు మాత్రలు ఏమైనా వాడుతున్నారా?" అనింది. ఆమెది చిత్తూరు వైపు. వాడుతున్నా, బయోటిన్ అనే బి విటమిన్, రోజుకి పది మిల్లీగ్రాములు. "అయితే ఈరోజు తీయను. మూడు రోజులు ఆపేసి, నాలుగోరోజు పొద్దున రాండి."

చాలా ల్యాబ్ యంత్రాలు రక్తంలో హార్మోన్‌ని పట్టుకోవడానికి బయోటిన్‌నే అంటుగా వాడతాయి. మన రక్తంలోనే బయోటిన్ నిండి ఉంటే ఆ అంటు సరిగా పడదు. టెస్టోస్టిరాన్ లాంటి చిన్న హార్మోన్ల లెక్క అప్పుడు ఉన్నదానికంటే పైకి చూపిస్తుంది, టిఎస్‌హెచ్ లాంటి పెద్దవాటి లెక్క కిందికి చూపిస్తుంది. నా రిపోర్టులో సరిగ్గా అదే జరిగింది, ఒకటి ఎక్కింది, ఒకటి దిగింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డిఎ దీనిమీద 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. నాలుగోరోజు తీసిన రక్తంలో టిఎస్‌హెచ్ 2.3, మామూలే. టెస్టోస్టిరాన్ 74. కొంచెం ఎక్కువే, పిసిఓఎస్‌లో ఉండేంత. సిటి అవసరం లేదన్నారు పెద్దాయన. ఆ లిఫ్ట్ డాక్టర్‌కి రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి మెయిల్ చేశాను. జవాబు రాలేదు. ఆ అమ్మాయికి మాత్రం దసరాకి చీర ఇచ్చాను, మొహమాటపడుతూనే తీసుకుంది.

కాబట్టి పరీక్షకి వెళ్ళేముందు: బయోటిన్ ఉన్నవన్నీ, మల్టీవిటమిన్ గమ్మీలతో సహా, కనీసం మూడు రోజులు ఆపండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే టెస్టోస్టిరాన్ లెక్కకి అర్థం ఉండదు. ఆపి మూడు నెలలయ్యాకే చూడాలి, అదీ డాక్టర్‌ని అడిగే ఆపాలి. నెలసరి వస్తే రెండోరోజు నుంచి ఐదోరోజులోపు, పొద్దున ఎనిమిదికి ఇవ్వండి. టెస్టోస్టిరాన్ ఒక్కటే చాలదు, ఎస్‌హెచ్‌బిజి కూడా చేయించమనండి. 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ తప్పక ఉండాలి. పుట్టుకతో వచ్చే అడ్రినల్ లోపం ఒకటి అచ్చం పిసిఓఎస్ వేషం వేస్తుంది, దాన్ని పట్టించేది ఇదే. డాక్టర్ తొమ్మిది చోట్ల వెంట్రుకలు చూసి ఒక్కోచోటికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. మొత్తం నాలుగు నుంచి ఆరు, ఆపైన వస్తే హిర్సుటిజం (ఆడవాళ్ళకి మగవాళ్ళ మాదిరి ముదురు వెంట్రుకలు రావడం) కింద లెక్క. నాకు పదమూడు. పార్లర్ నుంచి నేరుగా వెళ్తే ఆ మార్కులు తప్పొస్తాయి, దారం, వ్యాక్స్ నాలుగు వారాలు ఆపి వెళ్ళాలి. ఆ నాలుగు వారాలు మాస్కే దిక్కు.

మందుల గురించి నన్నెవరూ ముందే కూర్చోబెట్టి చెప్పని సంగతి, టైము. వెంట్రుకకి దాని క్యాలెండర్ దానికుంది. ఇవాళ బయట కనపడేది కొన్ని నెలల కిందట మొదలైంది. మాత్ర దాన్నేం చేయదు, తర్వాత వచ్చేదాన్ని పల్చన చేస్తుంది. ఆరు నెలలకి ముందు లాభం లేదని మానేసేవాళ్ళు సరిగ్గా ఫలితం మొదలయ్యే గుమ్మం దగ్గర తిరిగి వచ్చేస్తున్నారు. నేను ఒకసారి నాలుగో నెలలో మానేశాను.

మొదటి మందు గర్భనిరోధక మాత్రే. పెళ్ళికానిదాన్ని, ఇంటికెళ్ళినప్పుడు అమ్మ బ్యాగులో ఆ షీటు చూసి ఒక పూట మాట్లాడలేదు. మొదలుపెట్టేముందు బిపి చూడాలి. ఒక పక్కే తలనొప్పి వచ్చేముందు కళ్ళముందు మెరుపులు కనిపిస్తాయా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడగాలి. అడగకుండా రాసిస్తే మీరే చెప్పండి. ఆరు నెలల తర్వాత స్పైరోనోలాక్టోన్ కలిపారు, మొదట 50, తర్వాత రోజుకి 100. అది నిజానికి నీరు తీసే బిపి మందు, టెస్టోస్టిరాన్‌ని వెంట్రుక కుదురు దగ్గర అడ్డుకుంటుంది. మొదటి రెండు వారాలు గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, మూత్రానికి ఎక్కువసార్లు వెళ్ళాల్సొస్తుంది, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో పడేముందు వేసుకోవద్దు. గర్భంలో మగబిడ్డ ఉంటే ఆ బిడ్డ అవయవాలు సరిగా ఏర్పడవు, అందుకే గర్భం రాకుండా చూసుకోకుండా ఇది వాడకూడదు. ఒంట్లో పొటాషియం పెంచుతుంది కూడా. రోజూ ఎండకి ఎళనీరు (కొబ్బరినీళ్ళు) తాగే అలవాటు మానుకున్నాను, ఇంట్లో 'లో సోడియం' ఉప్పు వాడితే అదీ చూసుకోండి, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. గర్భనిరోధక మాత్రలో డ్రోస్పిరెనోన్ ఉంటే అదీ పొటాషియం పెంచే రకమే, రెండూ కలిపి రాస్తే రక్తపరీక్ష అడగండి. మెట్‌ఫార్మిన్ షుగర్‌కి, నెలసరికి పనికొస్తుంది గానీ గడ్డానికి దానిమీద ఆశ పెట్టుకోవద్దు. బరువు తగ్గితే నెలసరి దారికొస్తుంది. ముదిరిన వెంట్రుక మళ్ళీ నూగైపోతుందని మాత్రం ఎవరైనా చెప్తే నమ్మకండి.

ముదిరినవాటికి లేజరే. ఇక్కడ నా కోపం ఇంకా చల్లారలేదు. మందులు మొదలుపెట్టకముందే ఒక క్లినిక్ వాళ్ళు ఆరు సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టారు. మెషీన్ ఏదంటే "లేటెస్ట్ మేడమ్" అన్నారు. మన చామనఛాయకి 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ అనే లేజర్ అన్నిటికంటే భద్రం, డయోడ్ లేజర్ కూడా చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తే బాగుంటుంది. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్, ఐపిఎల్ అనే మెరుపు కాంతి మెషీన్ చర్మంలోని రంగునే వేడి చేసి కాల్చే ప్రమాదం ఎక్కువ. కాలుతుందనే భయంతో వాళ్ళు శక్తి తక్కువ పెట్టి చేశారు. ఆ అరకొర వేడి కుదురుని చంపలేదు, నిద్రపోతున్న పక్క నూగుని కూడా లేపి ఉంటుంది. మూడో సిట్టింగ్ తర్వాత అంతకుముందు ఏమీ లేని దవడ పక్కన, మెడమీద ముదురు వెంట్రుకలు వచ్చాయి. దీన్ని పారడాక్సికల్ గ్రోత్ అంటారు, హార్మోన్ తేడా ఉన్న చామనఛాయ ఆడవాళ్ళకి ముఖం, మెడ మీదే ఎక్కువ. అడిగితే "మీ హార్మోన్ల ప్రాబ్లమ్" అన్నారు. హార్మోన్ల సంగతి డబ్బు కట్టించుకునేటప్పుడు గుర్తు రాలేదు.

మందులు ఎనిమిది నెలలు వాడాక చర్మవైద్యురాలి దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె ముందు చెవి కింద రూపాయి బిళ్ళంత చోట చేసి రెండు వారాలు ఆగారు. ముందురోజు రాత్రి షేవ్ చేసుకుని వెళ్ళాలి. దారం, ట్వీజర్ నాలుగు వారాల ముందునుంచి బంద్, కుదుట్లో వెంట్రుక లేకపోతే లేజర్ కాంతికి పట్టుకునేదేమీ ఉండదు. రబ్బరు బ్యాండు లాగి కొట్టినట్టుంటుంది. నొప్పికి క్రీము ఇస్తే గడ్డానికి సరిపడా రాయండి, ముఖమంతా పూసి ప్లాస్టిక్ చుట్టుకోవద్దు, ఆ మందు రక్తంలోకి ఎక్కువ పోతే ప్రమాదం. తర్వాత సన్‌స్క్రీన్, స్కూటర్ మీద వెళ్తే రెండుసార్లు. నెలకోసారి చొప్పున తొమ్మిది సిట్టింగులు పట్టాయి. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు వెళ్తాను, హార్మోన్ ఉన్నన్నాళ్ళూ కొత్తవి వస్తూనే ఉంటాయి.

మధ్యలో రోజులు గడవాలి కదా. బ్లీచ్ పది నిమిషాలు మించితే మంట, పైగా రంగు పోయిన వెంట్రుక చామనఛాయ మీద ఇంకా కనపడుతుంది. రాత్రిళ్ళు అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి మొటిమల క్రీములు రాసుకునేవాళ్ళు వ్యాక్స్ చేయిస్తే తోలు లేచి వచ్చేస్తుంది, కనీసం వారం ముందు ఆపాలి. ట్వీజర్‌తో పీకితే గడ్డం కింద వెంట్రుక లోపలే మెలికపడి, పుండై, నల్లమచ్చ మిగులుతుంది. నా మచ్చల్లో సగం హార్మోన్‌వి కావు, నా గోళ్ళవి. వీటన్నిటికంటే రేజరు మేలు. స్నానం తర్వాత, జెల్ రాసి, వెంట్రుక వాలిన వైపే, నొక్కకుండా, బ్లేడు మూడు నాలుగుసార్లకి మార్చేస్తూ. ఎన్ని రోజులకోసారి గీస్తున్నానో క్యాలెండర్‌లో చుక్క పెట్టేదాన్ని. మందు పనిచేస్తోందని నాకు చెప్పింది అద్దం కాదు, ఆ చుక్కలు. రోజూ నుంచి మూడు రోజులకి, తర్వాత ఎనిమిది రోజులకి. పెద్దది చేసి చూపించే అద్దం పారేశాను.

రేజరు అంటేనే అమ్మకి గుండె ఆగేది. "గీకితే మగోళ్ళ మాదిరి దట్టంగా వస్తాది పాపా, పసుపు పూసుకో." కస్తూరి పసుపు, సున్నిపిండి నూగుని రుద్ది కొంచెం రాలుస్తాయేమో గానీ, ముదురు వెంట్రుక కుదుర్ని ఏం చేస్తాయి? గీసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, కుదురు మారదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శరీరశాస్త్రజ్ఞురాలు 1928లోనే మగవాళ్ళ చేత గీయించి చూసి ఈ మాట రాసింది. అమ్మకి ట్రాటర్ ఎవరు?

అయితే అమ్మ, కణితి అన్న వారంలోనే, నాకు బాగైతే తలనీలాలిస్తానని తిరుమల వెంకన్నకి మొక్కుకుంది. రెండో రిపోర్టు వచ్చాక నాకు చెప్పకుండా వెళ్ళి గుండు చేయించుకొచ్చింది. ఏడాదికి జుట్టు చెవులదాకా వచ్చింది, ముందున్నంతే, నడినెత్తిన అదే పల్చన. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు తలకి నూనె రాసుకుంటా అద్దంలో చూసి, "గీకితే దట్టంగా వస్తాదంటారే, నాకేం రాలే?" అనింది. నేనేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నా స్నానం నీళ్ళ పక్కన, సోపు పెట్టెమీద, నా రేజరు కడిగి ఆరబెట్టి ఉంది.