తప్పు ఆటదా, నాదా: ఎక్స్3తో నా ఎనిమిది నెలలు

కరెంటు పోతే కంప్యూటర్‌ను కాసేపు నడిపే మా యూపీఎస్ ఏడు నిమిషాలు నిలిచేది. పదిహేను నిమిషాలకు తక్కువ ఉండదని అమ్మినతను చెప్పాడు గానీ, మా ఇంటికి వచ్చాక ఏడు దాటగా నేనెప్పుడూ చూడలేదు. కరెంటు పోగానే అది కీచుమని అరవడం మొదలుపెట్టేది. ఆ అరుపు ఆగేలోగా నా ఓడను తీసుకెళ్లి ఏదో ఒక స్టేషన్‌లో దించాలి. ఎందుకంటే ఎక్స్3: రీయూనియన్ అనే అంతరిక్ష వ్యాపారపు కంప్యూటర్ ఆటలో ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేయడం కుదరదు. స్టేషన్‌లో దిగి ఉంటే పైసా ఖర్చు లేదు. అంతరిక్షం మధ్యలో ఉండగా సేవ్ చేయాలంటే ముందే బీమా కొని పెట్టుకోవాలి, ఆ బీమా ఒక్కసారికే చెల్లుతుంది. 2007 వేసవిలో పర్లాకిమిడిలో ఉంటూ ఇలాంటి ఆట మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

అప్పటికి డిగ్రీ పూర్తయింది. రాసిన పోటీపరీక్షల ఫలితాలు రాలేదు. మా మామయ్య చింతపండు, పసుపు, జీడిపిక్కల టోకు వ్యాపారం చేసేవారు, మధ్యాహ్నం దాకా ఆయన కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. విశాఖలో చదువుతున్న మా పెద్దమ్మగారి అబ్బాయి సెలవులకు వస్తూ ఆ డిస్కు తెచ్చాడు. బస్సులోనే తెచ్చాడు, రైలు లేదు కాబట్టి. 1900లో మొదలైన మా బుల్లి రైలు, పెద్ద లైను వేయడం కోసమని 2004లో ఆగిపోయింది. రైలే లేని ఊళ్లో కూర్చుని నక్షత్రాల మధ్య సరుకు రవాణా చేస్తావా అని స్నేహితులు ఎగతాళి చేసేవారు.

ఈ తరహా ఆటలకు మూలం 1984లో వచ్చిన ఎలైట్. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రవాళ్లు 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో ఎనిమిది గెలాక్సీలు ఇమిడ్చారు. ఒక్కోదానిలో 256 గ్రహవ్యవస్థలు. చవకగా కొను, ఖరీదుగా అమ్ము, దారిలో దొంగలు ఎదురైతే పోరాడు, ఆ తర్వాత నీ ఇష్టం. 2005లో వచ్చిన రీయూనియన్ ఇంకా పెద్ద సాహసం చేసింది. అందులో ధరలు ఎవరో ముందే రాసి పెట్టినవి కావు. సౌర విద్యుత్కేంద్రం శక్తి ఘటాలు తయారుచేయాలంటే దానికి స్ఫటికాలు కావాలి. స్ఫటికాల కర్మాగారానికి సిలికాన్, తిండి, మళ్లీ శక్తి ఘటాలు కావాలి. ఆ సరుకును నిజంగా ఓడలు మోసుకెళతాయి. మధ్యలో ఒక ఓడను దొంగలు పేల్చేస్తే ఎక్కడో ఒక కర్మాగారం మూతపడుతుంది. మీరు చూస్తున్నా చూడకపోయినా ఇదంతా జరుగుతూనే ఉంటుంది.

ఇంత పెద్ద యంత్రం బిగించినప్పుడు మేకులు ఊడకుండా ఉంటాయా? ఆట విడుదలైనప్పుడే లోపాలతో వచ్చిందని, ప్యాచ్‌లనే సవరణ ఫైళ్లు ఒకదాని మీద ఒకటి వేసి సరిదిద్దుతున్నారని నాకు డిస్కు చేతికొచ్చాకే తెలిసింది. మొదటి రోజు నాలుగు సార్లు ఆగిపోయింది. ప్యాచ్‌లు తెచ్చుకుందామంటే మా ఇంట్లో ఇంటర్నెట్ లేదు. మా వీధి చివరి ఇంటర్నెట్ కేంద్రంలో డౌన్‌లోడ్ సగంలో ఉండగా కరెంటు పోయేది. అప్పుడు పాతపట్నం గుర్తొచ్చింది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. సైకిల్ ఎక్కితే కాసేపటి ప్రయాణం. రాష్ట్రం వేరు కాబట్టి కరెంటు కోతల వేళలూ వేరు. ఇక్కడ పోయిన సమయానికి అక్కడ ఉండేది. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని సరిహద్దు దాటడం, ప్యాచ్ ఎక్కించుకుని తిరిగి రావడం నాకు వారానికి రెండు సార్ల పని అయింది. అక్కడి కుర్రాడు నన్ను చూడగానే “ఏమి సార్, మళ్లీ ఓడ పాడైందా?” అనేవాడు.

ఒక వింత చెప్పాలి. ఈ ఆటలో అందరూ భయపడే శత్రువు జెనాన్ అనే యంత్రాల జాతి. అవి ఒకప్పుడు మనుషులు గ్రహాలను నివాసయోగ్యం చేయడానికి పంపిన ఓడలు. తప్పుడు సాఫ్ట్‌వేర్ మార్పు ఒకటి వాటిలోకి వెళ్లడంతో తిరగబడ్డాయి. అంటే కథలో విలన్ కూడా చెడిపోయిన ప్యాచే! పాతపట్నం నుంచి వస్తూ నాలో నేను నవ్వుకున్న రోజులున్నాయి.

ఆటోపైలట్ గురించి ఎంత తిట్టినా తక్కువే. కాలాన్ని వేగిరపరిచే పరికరం ఒకటి ఉంటుంది. అది వాడకపోతే ఒక సెక్టారు, అంటే ఆటలోని ఒక అంతరిక్ష ప్రాంతం, దాటడానికే అన్నం ఉడికినంతసేపు పడుతుంది. రెండూ కలిపి వాడితే ఆటోపైలట్ స్టేషన్ గోడను చూసి కూడా చూడనట్టు నేరుగా వెళ్లి గుద్దేస్తుంది. నిండు సరుకుతో నా మొదటి పెద్ద ఓడ అలాగే పోయింది. అప్పటినుంచి స్టేషన్ కనుచూపు మేరలోకి రాగానే పగ్గాలు నా చేతికి తీసుకోవడం అలవాటైంది.

వీటికంటే నన్ను ఎక్కువగా నలిపింది వేరొకటి. కథలో ఒక చోట, ఒక పని పూర్తి చేశాక తర్వాతి సందేశం రావాలి. నాకు రాలేదు. ఆంగ్లంలో చెప్పింది సరిగా అర్థం కాలేదేమో అనుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని మళ్లీ విన్నాను. చెప్పిన సెక్టారులో ప్రతి స్టేషన్‌లోనూ దిగాను. శూరుల్లాంటి స్ప్లిట్ జాతివాళ్లు నన్ను తరిమారు. లాభం తప్ప మరో మాట ఎరగని టెలాడీ బల్లిజాతి వ్యాపారులు నాకు పనికిరాని సరుకు అంటగట్టారు. పదహారు రోజులు తిరిగాను. పాతపట్నంలో దొరికిన తర్వాతి ప్యాచ్ వేసి, పాత సేవ్ నుంచి మళ్లీ మొదలుపెడితే, పని ముగిసిన మరుక్షణమే సందేశం వచ్చింది. పదహారు రోజులు నేను నా ఆంగ్లాన్ని అనుమానించాను, తప్పు దానిది.

ఆ రోజుతో నాలో ఒక చెడ్డ గుణం మొదలైంది. ఇక ఏం జరిగినా ఆటదే తప్పు. దొంగలు చుట్టుముట్టి చంపితే బగ్గు. ధర పడిపోతే బగ్గు. ఎవరు చూసినా చూడకపోయినా తిట్టేవాణ్ణి.

పోరాటాలు పక్కనపెట్టి వ్యాపారంలో పడ్డాను. శక్తి ఘటం సగటు ధర 16 క్రెడిట్లు. నిల్వలు పొంగిపొర్లే చోట 12కు దొరుకుతుంది, కొరత ఉన్న చోట 20 దాకా పలుకుతుంది. ఇది నాకు కొత్త విద్య కాదు. కొండల మీది సంతలో చింతపండు ధర ఎందుకు తగ్గుతుందో, అదే చింతపండు దిగువకు వచ్చేసరికి ఎందుకు పెరుగుతుందో రోజూ మామయ్య ఖాతాపుస్తకంలో రాస్తూనే ఉన్నాను. ఎక్కువ రాబడి కోసం దూరం పోకుండా, దగ్గరలోనే తక్కువ లాభంతో ఎక్కువ తిప్పుళ్లు వేశాను. ఒక ఓడ రెండైంది, రెండు నాలుగయ్యాయి. ప్రతి నాలుగు తిప్పుళ్లకు ఒకసారి సేవ్, మూడు వేరు వేరు సేవ్‌లు మార్చి మార్చి. ఒకటి పాడైతే రెండోది ఉండాలి. ఈ జాగ్రత్త వ్యాపారం నేర్పింది కాదు, యూపీఎస్ నేర్పింది.

ఆరో నెలలో ఒక సౌర విద్యుత్కేంద్రం కొన్నాను. కొనగానే జేబులో పెట్టుకుని వచ్చేది కాదు అది. దాన్ని మోసేందుకు మమ్మత్ అనే మహానౌకను అద్దెకు పిలవాలి. దాని యజమానికి డబ్బిచ్చి, వెంటబెట్టుకుని వెళ్లి, కావలసిన చోట దించమనాలి. ఆ మహానౌక కడుపులోంచి నా కర్మాగారం బయటికొచ్చి నిలబడ్డ రాత్రి మా అమ్మను లేపి మరీ చూపించాను. “బాగుంది, పడుకో” అంది.

కర్మాగారం నిలబడింది గానీ పని చేయలేదు. స్ఫటికాలు తెమ్మని ఒక సరుకు ఓడను దానికి అప్పగించాను. ఆ ఓడ కదలదు. కొనుగోలు ధర సగటుకంటే పెంచి చూశాను, బయటి ఓడలైనా తెచ్చి అమ్ముతాయని. ఒక్కటీ రాలేదు. ఇంకేముంది, బగ్గే. మొదటి రాత్రి ప్యాచ్ మళ్లీ వేశాను. రెండో రాత్రి ఆటను పూర్తిగా తీసేసి మళ్లీ ఎక్కించాను. మూడో రోజు పొద్దున్నే పాతపట్నం వెళ్లి ఇంకా కొత్త ప్యాచ్ ఏదైనా వచ్చిందేమో వెతికాను. రాలేదు. వర్షంలో తడిసి ఇంటికొచ్చి, కొట్టుకు కూడా వెళ్లకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

లెక్కల పుస్తకం కోసం సాయంత్రం మామయ్యే వచ్చారు. నా ముఖం చూసి కుర్చీ లాక్కున్నారు.

“ఏమిటి అల్లుడూ, ఎవరు పోయారు?”

చెప్పాను. కర్మాగారం, స్ఫటికాలు, కదలని ఓడ, తయారుచేసినవాళ్ల నిర్లక్ష్యం, అన్నీ. ఆయన తెర మీది అంకెలను కళ్లజోడు పైకీ కిందికీ జరుపుతూ చూశారు. ఆంగ్లం అంతగా రాకపోయినా అంకెలు ఏ భాషలో ఉన్నా ఆయనవే.

“ఈ డబ్బు ఎవరిది?”

“నాది.”

“ఈ సున్నా ఎవరిది?”

చూశాను. కర్మాగారానికి విడిగా ఒక ఖాతా ఉంది. అందులో సున్నా. నా డబ్బంతా నా దగ్గరే ఉంది. ఓడ స్ఫటికాలు కొనాలంటే కర్మాగారం ఖాతాలోంచి కొనాలి. ఎవరైనా తెచ్చి అమ్మినా అందులోంచే ఇవ్వాలి.

“గల్లాపెట్టెలో రూపాయి పెట్టకుండా కొట్టు తెరిచి, సరుకు తెచ్చేవాడు రాలేదని ఏడుస్తున్నావా?” అన్నారాయన.

యాభై వేల క్రెడిట్లు ఖాతాలోకి వేశాను. ఓడ వెంటనే కదిలింది. మూడు రోజులు నేను తిట్టిన తిట్లన్నీ దాని వెనకే వెళ్లిపోతున్నట్టు అనిపించింది. మామయ్య లెక్కల పుస్తకం సంగతి మరిచిపోయి, ఆ ఓడ ఎక్కడికి వెళుతోంది, ఎంతకు కొంటుంది, దారిలో కూలి ఎవరికివ్వాలి అని అడుగుతూ కూర్చున్నారు. కూలి లేదంటే నమ్మలేదు. కాసేపటికి ఓడ తిరిగొచ్చి స్ఫటికాలు దించింది. ఉత్పత్తి సూచిక సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి రెండుకు కదిలింది.

అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ అరిచింది. అలవాటుగా చెయ్యి కీబోర్డు మీదికి పరిగెత్తింది గానీ, నా ఓడ నా కర్మాగారంలోనే దిగి ఉంది. నిదానంగా సేవ్ చేశాను.

“ఇది ఎంతసేపు నిలుస్తుంది?” అన్నారు మామయ్య చీకట్లో.

“ఏడు నిమిషాలు.”

“అయితే ఉండు, ఇంకో ఓడ వస్తుందేమో చూద్దాం.”