ఎందుకు అని అడగకుండా

మా ఇంట్లో పనిచేసే ఆవిడ పోయిన జూన్‌లో పిల్లాడి ఫీజుకని 3 వేలు అడిగింది. ఇచ్చాను. తిరిగివ్వక్కర్లేదులే అని కూడా అన్నాను, ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త గొప్ప పలికే ఉంటుంది. పది రోజులకి వాడి చేతిలో కొత్త ఫోన్ కనబడింది. ఇంక చూస్కోండి, కడుపులో మంట! ఫీజు అసలు కట్టారా, రసీదు అడిగితే బాగుంటుందా బాగోదా అని రెండు రోజులు ఇదే టెన్షన్. ఆ ఫోన్ వాళ్ల మేనమామ కొనిచ్చాడని తర్వాత తెలిసింది. సరే, మామ కొనివ్వలేదనుకోండి, నేనిచ్చిన దాంతోనే కొన్నారనుకోండి, ఇచ్చేశాక అది నా డబ్బు ఎలా అవుతుంది?

మాది కోనసీమ. డొక్కా సీతమ్మగారి కథలు వింటూ పెరిగిన వాళ్లం. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చి, 1909లో పోయేదాకా వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన మనిషి. ఇప్పుడు ఆంధ్రాలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలుపొస్తే వెళ్లలేదని మా వైపు గొప్పగా చెప్పుకుంటారు. నాకెందుకో ఆ కథ మీద కన్నా అర్ధరాత్రి పెట్టిన ఎసరు మీదే ధ్యాస. వానాకాలం, తడి కట్టెలు, పొగ, అందరూ తిని గిన్నెలు కడిగేసుకున్నాక ఎవరో తలుపు కొడితే మళ్లీ పొయ్యి రాజేయడం. వచ్చినవాళ్లలో సోమరులూ అబద్ధాలకోరులూ లేకుండా ఉంటారా? ఉండే ఉంటారు. వాళ్లని వేరుచేసే పని ఆవిడ పెట్టుకున్నట్టు ఏ కథలోనూ వినలేదు.

మనం అలా కాదు, ముందు ఆరా తీస్తాం. డబ్బు పోతుందని అనుకుంటాం గానీ, 3 వేలు హోటల్లో ఒక్క పూటకి ఖర్చుపెట్టిన రోజులున్నాయి నాకు, అప్పుడు ఏమీ అనిపించలేదు. "వీణ్ణి భలే బురిడీ కొట్టించాం" అని ఎవరైనా వెనకాల నవ్వుకుంటారేమో, ఆ వెర్రివాడిని నేను కాకూడదు, అదీ అసలు భయం.

మా అమ్మ ఎవరినీ "భోంచేస్తారా" అని అడగదు. అడిగితే మొహమాటానికి వద్దంటారట. అందుకని ముందు కంచం పెట్టేసి, "కాళ్లు కడుక్కు రండి" అంటుంది. కొబ్బరికాయలు దింపడానికి వచ్చిన మనిషికైనా, పెళ్లిపిలుపుకి వచ్చిన చుట్టాలకైనా అదే మాట. అడగడంలోనే అవతలివాళ్లని సగం చిన్నబుచ్చుతామని ఆవిడకి ఎవరు చెప్పారో!

ఇదంతా మనసులో నానుతుండగానే మొన్న సోమవారం పనావిడ వచ్చి, "అన్నా, ఈ నెల జీతంలో వెయ్యి ముందిస్తారా" అంది. జేబులో చెయ్యి పెట్టాను. పెడుతూనే, "ఎందుకమ్మా?" అనేశాను.