బీజింగ్ చలి, షాంఘై చలి

కిందటి జనవరిలో బీజింగ్ చూసి, అక్కడి నుంచి షాంఘైకి రైలులో వెళ్ళాను. 2011లో ప్రారంభమైన ఆ హైస్పీడ్ మార్గం పొడవు 1318 కిలోమీటర్లు. నేనెక్కిన బండి నాలుగున్నర గంటల్లో చేర్చింది. చదువుకో, ఉద్యోగానికో చైనా వెళ్ళదలచినవారు ఈ రెండింటిలో ఏది మేలని అడిగితే నేను మొదట ప్రస్తావించేది చలినే.

బీజింగ్‌లో ఆ నెలలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు చాలా దిగువకు పడిపోతుంది. గాలిలో తేమ లేక పెదవులు పగులుతాయి. అయినా గదిలోకి అడుగుపెడితే పలుచని చొక్కా చాలు, ఎందుకంటే నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య వరకు గొట్టాల్లో ప్రవహించే వేడినీటితో ఇళ్ళను వెచ్చగా ఉంచే ఏర్పాటు అక్కడ ఉంది. ఈ సదుపాయాన్ని ఛిన్‌లింగ్ పర్వతాలు, హ్వై నదుల రేఖకు ఉత్తరానికే పరిమితం చేసిన పాత ప్రభుత్వ విధానం కారణంగా, ఆ రేఖకు దక్షిణాన ఉన్న షాంఘైలో వేడిగాలి ఇచ్చే ఏసీ వేసుకోవడమే దిక్కు. బయట చలి తక్కువే కాని, తేమతో కూడిన ఆ చలి గదిలోనూ వదలదు. కోస్తాలో పెరిగిన నాకు షాంఘై గదే ఎక్కువ కష్టమనిపించింది.

వీధుల విషయంలో మాత్రం నా ఓటు షాంఘైకే. బీజింగ్ వెడల్పాటి రోడ్ల నగరం. కూల్చివేసిన పాత కోటగోడ వెంబడే రెండో రింగు రోడ్డు సాగుతుంది, మెట్రో దిగాక కూడా చాలా దూరం నడవాల్సి వస్తుంది. నడకలో హాయి దొరికేది హుటాంగ్ అనే పాతకాలపు సందుల్లోనే. షాంఘైలో ఒకప్పటి ఫ్రెంచి స్థావర ప్రాంతపు చెట్ల నీడ వీధుల్లో, భాష రానివాడు కూడా దుకాణాలు చూసుకుంటూ సాయంత్రమంతా గడపవచ్చు.

రెండుచోట్లా మెట్రోలో సంచుల తనిఖీ తప్పదు. ఫోనులో డబ్బు చెల్లించే చైనా యాప్ అలీపేకు విదేశీ కార్డు జతచేసుకుంటే చెల్లింపుల ఇబ్బంది చాలావరకు తీరుతుంది. హోటలులో కాక ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లోగా పోలీసుల వద్ద నమోదు చేసుకోవాలి.

చీనీ భాష నేర్చుకోవడమే లక్ష్యమైతే, పీకింగ్, చింగ్‌హ్వా విశ్వవిద్యాలయాలున్న బీజింగ్ హైదియన్ ప్రాంతాన్నే ఎంచుకోమంటాను. ఉద్యోగం మీద షాంఘై వెళ్ళేవారు మాత్రం అద్దె మాట్లాడుకునే ముందు ఆ గది కిటికీ దక్షిణానికి తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి. శీతాకాలంలో ఎండ వచ్చేది ఆ వైపు నుంచే.