నాన్న కాస్తా అన్నన్ అయ్యాడు

మా పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తాం. పెద్దదానికి పదకొండేళ్ళు, చిన్నాడికి ఏడు. ఈ పద్ధతిలో ఉన్న సుఖాల్లో మొదటిది, జనం లేని రోజు చూసుకుని మ్యూజియానికి వెళ్ళొచ్చు. పాతకాలపు ఆవిష్కరణల మీద ప్రదర్శన పెట్టారని, ప్రతిదీ పట్టుకుని తిప్పి చూడనిస్తారని విని, మంగళవారం తలుపులు తీసే వేళకే నలుగురం అక్కడున్నాం. నా చేతిలో ముందురోజు రాత్రి రాసిన జాబితా. పద్నాలుగు అంశాలు, ఒక్కోదానికి ఇన్ని నిమిషాలని లెక్క కూడా. మా ఆయన అది చూసి ఏమీ అనలేదు, నవ్వు మాత్రం ఆపుకున్నారు.

మొదటి అరగంట అంతా జాబితా ప్రకారమే. ఆర్కిమెడిస్ మర తిప్పితే నీళ్ళు పైకెక్కాయి, చిన్నాడి చొక్కా తడిసింది. ఆవిరి యంత్రం మరమ్మతులో ఉంది. ఎడిసన్ 1877లో చేసిన, మాటల్ని పట్టి మళ్ళీ వినిపించే ఫోనోగ్రాఫ్ నమూనాని అద్దాల పెట్టెలో పెట్టారు. బటన్ నొక్కితే లోపల లైటు వెలుగుతుంది, అంతే. దాన్ని కూడా ‘ఇంటరాక్టివ్’ అంటే నేనొప్పుకోను, మా కాలింగ్ బెల్ అంతకన్నా నయం.

తర్వాత అచ్చుయంత్రం గది. జాబితా పని అక్కడితో సరి.

మధ్యలో పెద్ద కొయ్య ప్రెస్సు, పక్క బల్ల మీద గళ్ళు గళ్ళుగా సీసం అక్షరాల కేసు. సీసంలో తగరం, యాంటిమొని కలిపి పోత పోస్తారట. ‘అచ్చు కనిపెట్టింది పదిహేనో శతాబ్దపు జర్మన్ గూటెన్‌బర్గ్’ అని పోయిన నెల పాఠం చెప్పింది నేనే. గోడ మీది మొదటి బోర్డే నా పరువు తీసింది. విడి అక్షరాలు పేర్చి అచ్చు వేయడం చైనాలో బీ షెంగ్ 1040ల్లోనే కాల్చిన మట్టి అక్షరాలతో మొదలుపెట్టాడు. కొరియాలో లోహపు అక్షరాలతో వేసిన జిక్‌జీ అనే బౌద్ధ గ్రంథం 1377 నాటిది. పెద్దది అంతా చదివి నావైపు తిరిగి, “అమ్మా, మన నోట్సులో దిద్దాలి” అంది. ఆ మాటకొస్తే గూటెన్‌బర్గ్ చేసింది తక్కువేం కాదు. అక్షరాలన్నీ ఒకే ఎత్తులో చకచకా పోత పోసే సాధనం, లోహాన్ని పట్టుకునే నూనె సిరా, ద్రాక్షపళ్ళు పిండే మరలాంటి ప్రెస్సు, ఈ మూడింటినీ ఒకచోట చేర్చాడు.

చిన్నాడికి ఈ గొడవేం పట్టలేదు. ఇంగ్లీషు పెద్దక్షరాలు నాలుగు ఏరుకుని ఏ, ఎమ్, ఎమ్, ఏ అని పేర్చాడు. సిరా రోలరు దొర్లించి, పిడి లాగడానికి బలం చాలక వాళ్ళ నాన్న చెయ్యి కూడా వేయించుకున్నాడు. కాగితం మీద ‘అమ్మ’ చక్కగా పడింది. “ఇది చాలా సులువు” అని తేల్చేసి, ‘నాన్న’ను కూడా అలాగే ఎడమ నుంచి కుడికి పేర్చాడు: ఎన్, ఏ, ఎన్, ఎన్, ఏ. అచ్చు తీస్తే ‘అన్నన్’ వచ్చింది! వాడి మొహం చూడాలి. అచ్చులో వరస అద్దంలోలా తిరగబడుతుంది. అమ్మ ఎటునుంచి చదివినా అమ్మే, అందుకే మొదటిసారి బయటపడలేదు.

అక్కడ చూపించే పెద్దాయన నవ్వి, అక్షరాలు వరసగా పేర్చుకునే కంపోజింగ్ స్టిక్ చేతికిచ్చారు. “అక్షరాన్ని తలకిందులుగా పెట్టు బాబూ, అప్పుడు ఎడమ నుంచే పేర్చుకుంటూ పో” అన్నారు. ప్రతి సీసం అక్షరం పాదం దగ్గర చిన్న గాడి ఉంటుంది, అది పైకి ఉండాలట. మూడో ప్రయత్నానికి వాళ్ళ నాన్న దారికొచ్చాడు.

ఈలోగా పెద్దది కాగితం పెన్సిలు తీసుకుని వేరే లెక్కలో పడింది. “తెలుగు కేసుకి ఎన్ని గళ్ళు కావాలి?” 36 హల్లులకి 14 గుణింతాల చొప్పున 504. అచ్చులు వేరు, ఒత్తులు వేరు, సున్నా వేరు. గుడులూ కొమ్ములూ విడిగా పోతపోస్తే తగ్గుతాయి కదా అంది. కానీ ‘కి’లో గుడి అక్షరం నెత్తినే కూర్చుంటుంది, దాన్ని విడదీసి పక్కన పెడితే ఎలా? ఇంగ్లీషువాళ్ళకి హాయి అని విసుక్కుంటుంటే, గూటెన్‌బర్గ్ బైబిల్‌కి దాదాపు 290 రకాల సీసం అక్షరాలు వాడాడని బోర్డు మీద కనబడింది. జంట అక్షరాలకీ, మాటల్ని కుదించి రాసే గుర్తులకీ అన్నిటికీ విడివిడిగా పోత పోశాడు. పెద్దదానికి కాస్త ఊరట కలిగింది.

గంటంపావు గడిచింది. నా కాగితంలో ఆ గదికి ఇచ్చింది పదిహేను నిమిషాలు. లియొనార్డో డావిన్సీ వంతెన చూడనే లేదు, నాకది ఇప్పటికీ బాధే.

టెలిగ్రాఫ్ బల్ల దగ్గర ఒకవైపు మీట ఇరుక్కుపోయింది, కబుర్లు ఒకవైపే వెళ్ళాయి. అయినా పెద్దది కదల్లేదు. అక్షరాల్ని చుక్కలూ గీతలుగా పంపే మోర్స్ పట్టికలో ఇంగ్లీషు ‘ఇ’కి (E) ఒక్క చుక్కే ఎందుకని. మోర్స్‌తో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ వెయిల్ అచ్చాఫీసు కేసుల్లో ఏ అక్షరం ఎన్ని ఉన్నాయో చూసి, ఎక్కువ వాడేవాటికి పొట్టి గుర్తులిచ్చాడని చెప్పుకుంటారు. “అవును, ఇందాక కేసులో అన్నిటికన్నా పెద్ద గడి ‘ఇ’దే!” అంటూ చూసొచ్చిన గదిలోకే మళ్ళీ పరుగెత్తింది. వెనకాలే చిన్నాడు. వాళ్ళని వెతుక్కుంటూ మేమిద్దరం.

తిరుగు దారిలో నా జాబితా వాళ్ళ చేతుల్లోకి పోయింది. అందులో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క, తెలుగులో ఒంటి చుక్క ఎవరికివ్వాలో తేల్చడానికి. ‘న’ గెలుస్తుందని చిన్నాడి పందెం. ‘న్న’ వచ్చినప్పుడల్లా రెండు లెక్కపెడుతున్నాడని పెద్దది పట్టుకుంది. కాసేపు అరుచుకున్నారు. చివరికి అది ఒత్తులకి పక్కన ఇంకో గడి గీసి, మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.