లాంగ్ లేక్‌లో సబాటిస్ జాడ

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండలకు వెళ్తే లేక్ జార్జ్, లేక్ ప్లాసిడ్ చూసి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. నాకు మాత్రం లాంగ్ లేక్ అనే చిన్న ఊరికి వెళ్లాలని ఎప్పట్నుంచో ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ అడవుల్లో వేటగాళ్లకి దారి చూపిన గైడు మిచెల్ సబాటిస్ ఊరది. సెప్టెంబరు ఆఖర్లో, మేపుల్ ఆకులు ఎర్రబడే వేళ, పులిహోర డబ్బా కట్టుకుని బయల్దేరాం.

సబాటిస్ అబెనాకీ అనే అమెరికా ఆదివాసీ తెగవాడు. వాళ్ల సొంతగడ్డ న్యూ ఇంగ్లండ్. తెల్లవాళ్ల వలసలు, యుద్ధాలతో చాలామంది కెనడాలో క్యూబెక్‌లోని ఓడనాక్‌కు చేరారు. కొన్ని కుటుంబాలు వేట వెతుక్కుంటూ ఈ అడవుల్లోకి వచ్చాయి. ఇంతలో న్యూయార్క్, బోస్టన్‌ల నుంచి డబ్బున్న లాయర్లు, డాక్టర్లు సరదాగా వేటాడటానికీ, చేపలు పట్టడానికీ రావడం మొదలైంది. 1869లో ఒక పుస్తకం ఈ కొండల్ని ఊరించేసరికి జనం ఎగబడ్డారు. అడవి తెలిసిన మనిషి తోడు లేకపోతే వాళ్లు ఒక్క రాత్రి కూడా గడపలేరు. అలా, తమ కడుపు నింపుకోవడానికి వేటాడినవాళ్లు పరాయివాళ్ల సరదాకి గైడ్లయ్యారు.

ఆ పని తేలికేం కాదు. పగలంతా తెడ్డు వేయాలి, బెరడుతో గుడిసె కట్టాలి, ట్రౌట్ చేపలు వేయించి పెట్టాలి. రాత్రి పడవ ముందు దీపం వెలిగించి, వెనక కూర్చుని చప్పుడు కాకుండా జింక దగ్గరదాకా నడపాలి. దీపానికి బిత్తరపోయి నిలబడిపోయిన జింకను కాల్చేది మాత్రం దొరగారు! తరవాత ఆ పద్ధతిని చట్టం నిషేధించింది, మంచిపనే.

దగ్గర్లోని బ్లూ మౌంటెన్ లేక్ మ్యూజియంలో గైడ్‌బోట్ల (గైడ్లు వాడిన తేలిక పడవల) ముందు చాలాసేపు నిలబడిపోయాను. రెండు కొనలూ సన్నగా, పదహారడుగుల పొడవు. లోపలి వంపు బద్దలు స్ప్రూస్ చెట్టు వేళ్ల సహజమైన వంపులోంచి కోసినవి. పైచెక్క ఎంత పల్చనంటే వేలితో తడితే మోగేలా ఉంది (తట్టనివ్వరు లెండి). ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి గైడు దీన్ని బోర్లించి, ఎద్దు మెడమీద కాడిలా భుజాలకెత్తుకుని నడిచేవాడు. ఈ పడవలు తయారుచేసిన తొలితరం వాళ్లలో సబాటిస్ కూడా ఉన్నాడు.

మర్నాడు అలాంటిదే ఒకటి అద్దెకి తీసుకున్నాం. తెడ్ల పిడులు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, అందుకని ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక తిప్పాలి. పదినిమిషాల్లో నా వేళ్ల కణుపులు కొట్టుకుని కందిపోయాయి. "ఏమండీ, ఒడ్డుకు పోదామా?" అని మా ఆవిడ. పడవల ఆయన ఒడ్డున నిలబడి నవ్వుతూనే ఉన్నాడు. ఇదే పని సబాటిస్ ఏళ్ల తరబడి, మూటా ముల్లే, మనుషులతో సహా చేశాడు. 1906లో పోయాడు. ఆయన పేరున ఇక్కడ ఒక కొండ ఉంది.

తిరుగు దారిలో ఇండియన్ లేక్ ఒడ్డున సబాయెల్ అనే పల్లె తగిలింది. ఆ పల్లె పేరు సబాయెల్ బెనెడిక్ట్‌ది, ఆయన కూడా అబెనాకీయే. 1826లో ఆయన కొడుకు ఇలైజా కొందరు వ్యాపారుల్ని అడవిలో నడిపించి ఇనుప ఖనిజం గుట్ట చూపించాడు. దానిమీద పెద్ద ఇనుప కర్మాగారమే లేచింది. ఇలైజాకి ముట్టింది డాలరున్నర, కాస్త పొగాకు అని చెబుతారు.