'అఫీషియల్' గుర్తు పెట్టించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

నా పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు చేర్చుకోమన్న అభ్యర్థన) ఇప్పుడే మెర్జ్ అయింది, అంటే అసలు దాంట్లో కలిసింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఒక డేటాబేస్‌కి ఏ భాషలో ఏ లైబ్రరీలు (తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్) ఉన్నాయో చెప్పే ఆసమ్ లిస్టు, అంటే ఏరికూర్చిన లింకుల జాబితా, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో ఉంది. అందరూ తలో చెయ్యీ వేసి పెంచింది. కంపెనీ సపోర్ట్ చేసేవీ, ఎవరో తీరిక వేళల్లో రాసిపెట్టినవీ తేడా తెలియకుండా కలిసిపోయి ఉన్నాయి. అఫీషియల్ వాటికి గుర్తు పెడదామన్నాను. అంతే.

ఫోర్క్ (మన సొంత కాపీ), బ్రాంచ్ (అందులో మార్పులకో విడి పాయ), రీడ్‌మీలో (లిస్టు ఉండే ఫైల్) మార్పులు ఇట్టే అయిపోతాయి. వివరణ చివర చుక్క లేకపోతే లిస్టు రాత తీరు సరిచూసే ఆసమ్-లింట్ అనే టూల్ ఊరుకోదు, అది చూసుకోండి. గుర్తుగా స్టార్ ఎమోజీ మాత్రం వద్దు, గిట్‌హబ్‌లో జనం లైకుల్లా ఇచ్చే స్టార్లనుకుంటారు. నేను మామూలు అక్షరాల్లోనే 'అఫీషియల్' అని రాశాను.

ఇంతకీ ఏది అఫీషియల్? గిట్‌హబ్‌లో కంపెనీ ఆర్గనైజేషన్ (కంపెనీ ఖాతా) కింద రిపో (కోడ్ ఉంచే చోటు) ఉంటే చాలదు. గూగుల్ రిపోలు చాలావాటిలో 'ఇది గూగుల్ అధికారికంగా సపోర్ట్ చేసే ప్రొడక్ట్ కాదు' అని వాళ్లే రాసుకుంటారు. ఆర్గనైజేషన్ పేజీలో కనిపించే 'వెరిఫైడ్' అంటే ఆ డొమైన్ (వెబ్ చిరునామా) వాళ్లదేనని తేలిందని మాత్రమే, సపోర్ట్ సంగతి అందులో లేదు. అందుకే ఒకటే నియమం పెట్టాను: కంపెనీ డాక్యుమెంటేషన్‌లో అఫీషియల్ అని ఉండాలి, ఆ పేజీ లింకు చూపించాలి.

అక్కడే మొదలైంది. ఆ కంపెనీ ఇంజనీరు ఒకాయన వచ్చి తన లైబ్రరీకీ గుర్తు పెట్టమన్నారు. లింకు అడిగాను. "నేను అక్కడే పనిచేస్తాను, నాకంటే రుజువు ఏం కావాలి? ముందు చదవడం నేర్చుకుని రివ్యూ చెయ్యండి" అన్నారు, అందరూ చూస్తుండగా. లిస్టు బాగోగులు చూసే మెయింటెయినర్ నా వైపు ఒక్క మాట అనకపోగా, 'అనవసర వివాదం' అని రాసి పుల్ రిక్వెస్ట్ మూసేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగి వారాంతంలో రాసుకున్న కోడ్‌కి కంపెనీ పూచీ ఎందుకవుతుంది? రేపు అది పగిలితే సపోర్ట్ టికెట్ ఎవరు తీసుకుంటారు?

మర్నాడు వాళ్ల డాక్యుమెంటేషనే తిరగేశాను. ఆయన లైబ్రరీ ఉంది, 'కమ్యూనిటీ' అన్న శీర్షిక కింద. ఆ లింకు, పక్కన స్క్రీన్‌షాట్, అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు. ఇంజనీరుగారు మళ్లీ కనబడలేదు. మెయింటెయినర్ కిక్కురుమనకుండా రీఓపెన్ చేశారు.

కమ్యూనిటీ లైబ్రరీలు రాసేవాళ్లు మాత్రం నొచ్చుకోవద్దు. గుర్తు చెప్పేది బాధ్యత ఎవరిదో, నాణ్యత గురించి కాదు. మాంగోడీబీ అనే డేటాబేస్‌కి గో భాషలో అధికారిక డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) 1.0 వచ్చింది 2019లో. అప్పటిదాకా గో వాళ్లని మోసింది ఎమ్‌జీవో అనే కమ్యూనిటీ డ్రైవరే. పైగా గుర్తు శాశ్వతం కాదు, ఆర్కైవ్ అయిన (ఇక మార్పులు రాకుండా మూసేసిన) రిపోకి అది ఉంటే లేనిదానికన్నా హాని. అప్పుడప్పుడూ తిరిగి చూడాల్సిందే.

నా నియమం ఇప్పుడు కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో (లిస్టుకి చేర్పులు ఎలా చెయ్యాలో చెప్పేది) అక్షరం మారకుండా ఉంది. ఆ కమిట్ (మార్పు నమోదు) మాత్రం మెయింటెయినర్ పేరు మీద. కో-ఆథర్‌గా నా పేరు ఒక్క లైను చేరిస్తే ఆయన సొమ్మేం పోయేదో!