ఎల్గిన్ నుంచి స్ట్రాన్‌రార్‌కు: శనివారం మూడింటి ఆట కోసం

స్కాట్లాండ్ లీగ్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న మైదానం ఎల్గిన్‌లోని బరో బ్రిగ్స్. అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది స్ట్రాన్‌రార్‌లోని స్టేర్ పార్క్. నాలుగో అంచె అయిన లీగ్ టూలో పది జట్లుంటాయి. ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో నాలుగేసి సార్లు ఆడుతుంది, రెండు సొంతూళ్లో, రెండు బయట. అందువల్ల ఎల్గిన్ సిటీ, స్ట్రాన్‌రార్ జట్లు రెండూ ఒకే డివిజన్‌లో ఉన్న ఏడాది, ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు వెళ్లక తప్పదు. రోడ్డు మీద ఒకవైపే సుమారు 440 కిలోమీటర్లు. డిసెంబరులో ఒక శనివారం ఎల్గిన్ సిటీ అభిమానుల మినీబస్సులో వెళ్లొచ్చాం.

రైలు గురించి ముందే చెప్పాలి. ఎల్గిన్‌లో స్టేషన్ ఉంది, స్ట్రాన్‌రార్‌లోనూ ఉంది. ఇన్వర్నెస్‌లో ఒకసారి, గ్లాస్గోలో ఒకసారి మారి వెళ్లొచ్చు. తిరుగు ప్రయాణమే అదే రాత్రి కుదరదు. ఆట ఐదింటికి అయిపోయాక గ్లాస్గో చేరేసరికి ఉత్తరానికి వెళ్లే దారి మూసుకుపోయినట్టే. రాత్రి బస ఖర్చు కలుపుకుంటే రైలు లెక్క ఎక్కడా తేలదు. అందుకే బస్సు.

ఆ బస్సు లెక్కా తేలిక కాదు. పదహారు సీట్ల బండిని రోజంతటికీ 480 పౌండ్లకు మాట్లాడారనుకోండి. బండి నిండితే తలకు 30. పన్నెండు మందే వస్తే 40. ఎనిమిది మందైతే 60, అప్పుడు ఇద్దరు వెనక్కి తగ్గుతారు, మిగిలినవాళ్లకు అది 80 అవుతుంది. ప్రయాణం రద్దయ్యేది ఇలాగే, అభిమానం తగ్గి కాదు. పేరు ఇచ్చిన రోజే సగం డబ్బు కట్టించుకోవడం ఒక్కటే దీనికి విరుగుడు. ఈసారి మేం పన్నెండుగురం. ఇంకో సంగతి: ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లే అద్దె బస్సులో మద్యం ఉండకూడదు. 1980 స్కాటిష్ కప్ ఫైనల్ తర్వాత జరిగిన గొడవలతో వచ్చిన చట్టం అది. దూరప్రాంతపు బస్సుకూ మినహాయింపు లేదు. ఫ్లాస్కులో టీ, రొట్టె ముక్కలు, అదనంగా ఒక జత సాక్సు, ఇవి చాలు.

ఏడున్నరకు బయల్దేరాం. డిసెంబరులో ఎల్గిన్‌లో పొద్దు పొడిచేది దాదాపు తొమ్మిదింటికి. పావుగంటలో రోథెస్ వచ్చింది. చీకట్లో ఊరు కనబడకపోయినా ఆ పేరు వినగానే బస్సులో పాత చర్చ మొదలైంది. రోథెస్ హైలాండ్ లీగ్ ఊరు, అంటే లీగ్ టూకు కింద ఉత్తరాది క్లబ్‌లు ఆడే పోటీ. ఎల్గిన్ సిటీ కూడా 2000 దాకా ఆ లీగ్‌లోనే ఆడింది. అప్పట్లో బయటి మ్యాచ్ అంటే లాసీమౌత్ 9 కిలోమీటర్లు, రోథెస్ 16, ఫోరెస్ 20. మధ్యాహ్న భోజనం చేసి బయల్దేరినా ఆట అందేది. పెద్ద లీగ్‌లో చోటు దొరికింది, దానితో పాటు ఈ దూరాలూ వచ్చాయి.

ఆ చోటు దొరికాక జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 2000 నుంచి 2025 వేసవి దాకా 25 సీజన్లు. ఒక్కసారి కూడా అట్టడుగు డివిజన్ దాటి పైకి ఎక్కలేదు. 2015–16లో రెండో స్థానంలో నిలిచింది. పద్ధతి ఏమిటంటే మొదటి స్థానం వాళ్లు నేరుగా పైకి వెళ్తారు. రెండు, మూడు, నాలుగు స్థానాల వాళ్లు పై డివిజన్‌లో తొమ్మిదో స్థానం జట్టుతో కలిసి ప్లేఆఫ్ ఆడాలి. రెండో స్థానానికి పెద్ద లాభం ఏమీ లేదు, మూడో స్థానం వాళ్లతో రెండు మ్యాచ్‌ల సెమీఫైనల్. ఆ ఏడాది మూడో స్థానంలో ఉన్న క్లైడ్ చేతిలో మన కథ అక్కడే ముగిసింది. 36 మ్యాచ్‌ల కష్టం వారం తిరిగేలోపు పోయింది.

కింద మరో గండం. 2014–15 నుంచి లీగ్ టూలో ఆఖరి జట్టు, కింది అంచెలోని హైలాండ్, లోలాండ్ లీగ్‌ల విజేతల మధ్య పోటీలో గెలిచినవాళ్లతో ప్లేఆఫ్ ఆడాలి. అలా పడిపోయిన మొదటి క్లబ్ 2016లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్. తర్వాత 2019లో బెరిక్ రేంజర్స్, 2021లో బ్రీకిన్ సిటీ, 2022లో కౌడెన్‌బీత్, 2023లో ఆల్బియన్ రోవర్స్, 2025లో బానీరిగ్ రోజ్. పడటం ఎంత తేలికో, లేవడం అంత కష్టం. లీగ్‌లకు ఛాంపియన్లుగా నిలిచిన రెండు క్లబ్‌లకు కలిపి ఉన్న దారి ఒక్కటే, అదీ ప్లేఆఫ్ గెలిస్తేనే. ఛాంపియన్‌గా నిలిచిన క్లబ్‌కు పైకి వెళ్లే హక్కు ఉండాలి. పడిపోయే భయం మాకూ ఉంది, అయినా ఈ మాట అనకుండా ఉండలేం.

అవీమోర్ దగ్గర ఏ9 రోడ్డెక్కాం. డన్‌బ్లేన్ నుంచి ఇన్వర్నెస్ దాకా 2014 అక్టోబరు నుంచి సగటు వేగం కొలిచే కెమెరాలున్నాయి. ఒకచోట తగ్గించి ఇంకోచోట పెంచితే లాభం లేదు, ప్రయాణ సమయం ముందే తెలిసిపోతుంది. ఆలస్యం జరిగేది ఒంటి వరస ముక్కల్లో, అంటే ఒక్కో వైపుకు ఒక్కో వరసే ఉన్నచోట. ఈ రోడ్డంతా రెండు వరసలు చేయడం 2025కల్లా పూర్తి కావాలన్నది పాత మాట. ఇప్పుడు 2035 అంటున్నారు. డ్రమాక్టర్ కనుమ దగ్గర రోడ్డు సుమారు 460 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. మంచు ఎక్కువైతే అక్కడ గేట్లు వేసేస్తారు. ఆ రోజు తెరిచే ఉన్నాయి.

అక్కడి నుంచి అందరి కళ్లూ ఫోన్ల మీదే. ఇలాంటి క్లబ్ వెంట తిరిగేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ వేధించేది ఓటమి కాదు, పిచ్ తనిఖీ.

ఈ స్థాయి మైదానాలకు నేల కింద వేడి గొట్టాలుండవు. గడ్డి మీద పట్టాలు కప్పుతారు. పైపై మంచును అవి ఆపుతాయి. రెండు మూడు రాత్రులు వరసగా సున్నా కిందికి పోతే నేలలోకి దిగిన చలిని ఏమీ చేయలేవు. అసలు చిక్కు నీడ దగ్గర. డిసెంబరు ఎండ బాగా వాలుగా పడుతుంది. దక్షిణం వైపు స్టాండ్ ఉంటే దాని నీడ మైదానంలో ఒక పట్టీ మీద రోజంతా తొలగదు. మిగతా నేలంతా మెత్తబడ్డా ఆ పట్టీ రాయిలాగే ఉంటుంది. రెఫరీ నేరుగా అక్కడికే వెళ్తాడు. మడమతో నొక్కుతాడు, బూటు అడుగున ఉండే స్టడ్ (మొన) దిగుతుందో లేదో చూస్తాడు, బంతిని నడుమెత్తు నుంచి వదిలి ఎంత ఎగిరిందో గమనిస్తాడు. స్టడ్ దిగకపోతే ఆట లేదు. పది గజాల ముక్కే కదా అనడానికి వీల్లేదు. పరుగెత్తుతున్న ఆటగాడి మోకాలు దెబ్బతినేది మెత్తటి నేల నుంచి గట్టి నేల మీదికి అడుగు పడ్డప్పుడే. వానకైతే పరీక్ష వేరు. బంతిని దొర్లిస్తాడు. నీళ్లలో చతికిలబడినా, గీతలు కనబడకపోయినా వాయిదా.

ఈ జాగ్రత్తల మీద మాకు ఫిర్యాదు లేదు. బాధంతా వేళ గురించే. పొద్దున పదింటికి తనిఖీ అంటే గ్లాస్గో అభిమాని ఇంకా ఇంట్లో టీ తాగుతుంటాడు. ఎల్గిన్ బస్సు అప్పటికి పిట్లాక్రీ దగ్గర ఉంటుంది. స్థానిక రెఫరీ సందేహం వదిలేసి, మ్యాచ్ రెఫరీ ఒంటిగంటకు మళ్లీ చూస్తానంటే మేం గర్వన్ చేరిపోతాం. వాయిదా పడితే టికెట్ సాధారణంగా మళ్లీ పెట్టే మ్యాచ్‌కు పనికొస్తుంది, బస్సు డబ్బు తిరిగి రాదు. కాబట్టి బండి మాట్లాడేటప్పుడే సగం దారిలో వెనక్కి తిరిగితే ఎంత తీసుకుంటారో రాయించుకోవాలి. వాతావరణం చూసేటప్పుడు శనివారం పగటి ఉష్ణోగ్రత కాదు, గురు, శుక్రవారాల రాత్రి కనిష్ఠం చూడాలి. దూరపు జట్టు వస్తుంటే శుక్రవారమే ఒకసారి తనిఖీ చేయించమని ముందుగా అడగాలి. అడిగితే చేసే సందర్భాలున్నాయి. చాలా క్లబ్‌లు ప్లాస్టిక్ గడ్డి వేసుకోవడానికి ఇదీ ఒక కారణం. ఆ గడ్డి మీద బంతి ఎగిరే తీరు మాకు నచ్చదు, కానీ జనవరిలో ఆట జరుగుతుంది.

ఈసారి పదిన్నరకు కబురొచ్చింది: ఆట ఉంది. బస్సులో అందరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు.

పర్త్ దగ్గర ఇరవై నిమిషాలు ఆగి, గ్లాస్గో చుట్టి ఎం77 మీదుగా ఏ77 పట్టాం. మేబోల్ బైపాస్ 2022లో తెరిచాక ఊళ్లో ఇరుక్కునే బాధ పోయింది. గర్వన్ దాటాక ఎడమన కొండ, కుడిన సముద్రం, నీళ్ల మధ్య ఐల్సా క్రెయిగ్ దీవి. మంచు మీద ఆడే కర్లింగ్ ఆట రాళ్లకు గ్రానైట్ అక్కడి నుంచి వస్తుంది. అందం అలా ఉంటే గడియారం ఇంకోలా ఉంది. కెయిర్న్‌రయాన్ రేవు నుంచి లార్న్, బెల్ఫాస్ట్‌లకు ఓడలు వెళ్తాయి. వాటికోసం పోయే లారీలకు ఒంటి వరస రోడ్డు మీద గంటకు 40 మైళ్లే పరిమితి, అంటే 64 కిలోమీటర్లు. దాటిపోదామంటే అప్పుడే ఓడ దిగిన లారీల వరస ఎదురొస్తుంది. గర్వన్ నుంచి స్ట్రాన్‌రార్‌కు 48 కిలోమీటర్లే అయినా గంట పెట్టుకోవాలి. ఫోన్‌లోని మ్యాప్ చెప్పే సమయానికి పావుగంట కలుపుకోండి.

రెండుంబావుకు దిగాం. స్ట్రాన్‌రార్ క్లబ్ 1870లో పుట్టింది, స్కాట్లాండ్‌లో మూడో పాత క్లబ్. మైదానం లండన్ రోడ్డు పక్కన, ఊరి పార్కులోనే. నాలుగు వేల పైచిలుకు జనం పట్టే చోట ఇలాంటి రోజున మూడు, నాలుగు వందల మంది కనబడతారు. టికెట్ పెద్దలకు పదిహేను పౌండ్ల చుట్టుపక్కల. ఈ అంచెలో కార్డూ, నోట్లూ రెండూ జేబులో ఉంచుకోవడం మంచిది.

తిండి సంగతి మనవాళ్లు ముందే తెలుసుకోవాలి. స్కాచ్ పై అరచేతిలో ఇమిడేంత గుండ్రంగా, గట్టి గోడలతో ఉంటుంది. పైమూత అంచుకన్నా వేలి మందం కిందికి ఉంటుంది, ఆ గుంటలో బ్రౌన్ సాస్ పోసుకుంటారు. లోపల మిరియాల ఘాటున్న కీమా. పాత పద్ధతిలో మటన్, ఇప్పుడు చాలాచోట్ల బీఫ్, అందుకే అడిగి తీసుకోవాలి. బోవ్రిల్ అనే వేడి పానీయం బీఫ్ సారమే. మాంసం వద్దనుకునేవాళ్లకు అదే గిన్నెలాంటి పైలో చీజు, మాకరోనీ పెట్టింది దొరుకుతుంది. మధ్యలో కొరికితే నాలుక కాలుతుంది. అంచు చుట్టూ తింటూ లోపలికి రావాలి. చేతులకు అంతకన్నా మంచి వేడి ఆ మైదానంలో ఇంకోటి లేదు.

మూడింటికే ఫ్లడ్‌లైట్లు వెలిగించారు, పావు తక్కువ నాలుగుకు పొద్దు గూకింది. మొదటి సగం మా జట్టుకు గాలి వెనకుంది. గాలి కలిసొచ్చినప్పుడు పొడవాటి పాసులు ముందువాళ్లకు అందకుండా గోల్ గీత దాటిపోతాయి, కాబట్టి నేల మీద ఆడాలి. మావాళ్లు నలభై నిమిషాలు బంతిని గాల్లోకే లేపారు. రెండో సగంలో గాలికి ఎదురు. గోల్‌కీపర్ కొట్టిన బంతి సగం గీత దాటలేదు. ఎనభయ్యో నిమిషం దాటాక గాలితో పాటు లోపలికి వంగిన స్ట్రాన్‌రార్ కార్నర్ దగ్గరి పోస్టు మీద తలకు తగిలి గోల్ అయింది. ఒకటి–సున్నా, ఓడిపోయాం.

మా జట్టును తిట్టబుద్ధి కాదు. వీళ్లు వారానికి రెండు సాయంత్రాలు సాధన చేసే పార్ట్‌టైమ్ ఆటగాళ్లు, సోమవారం పనికి వెళ్లాలి. పెద్ద క్లబ్‌ల నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్లకు అరువుగా వచ్చిన కుర్రాళ్లు అలవాటు పడేలోపు జనవరిలో వెనక్కి పిలిపించుకుంటారు. ఎవరి పేరు చొక్కా మీద వేయించుకోవాలో అభిమానికి తెలియదు.

వాయిదా పడ్డ ఆటను వారం మధ్యలో పెడతారు. మంగళవారం రాత్రి 7.45కు మొదలై తొమ్మిదిన్నర దాటాక ముగుస్తుంది. ఎల్గిన్ చేరేసరికి తెల్లవారుజామున మూడున్నర. పని నుంచి రెండు రోజుల సెలవు కావాలి. ఇంట్లోనే చూద్దామంటే శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్‌లో ప్రత్యక్ష ఫుట్‌బాల్ ప్రసారం నిషిద్ధం. మైదానాలకు జనం తగ్గకూడదని ఆ నియమం. క్లబ్ ప్రసారం ఉంటే విదేశాల్లో అమ్ముకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అడ్డు లేదు, ఎల్గిన్‌లో మంచం దిగలేని ముసలాయనకు అడ్డుంది. 440 కిలోమీటర్ల దూరపు మ్యాచ్‌కైనా ఈ నియమం సడలించాలి. ఆ ప్రసారం ఆపితే వచ్చే కొత్త ప్రేక్షకుడు ఒక్కడూ లేడు.

ఐదింటికి బండి ఎక్కాం. లారీలు తక్కువ, మాటలూ తక్కువే. డ్రమాక్టర్ దగ్గర సన్నగా మంచు పడుతోంది, గేట్లు తెరిచే ఉన్నాయి. పదకొండున్నరకు ఎల్గిన్‌లో దిగేముందు బస్సు చూసుకునే పెద్దాయన లోపలి లైటు వేసి, వచ్చే బయటి మ్యాచ్‌కు పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. పన్నెండు మందిలో పదకొండు మంది సగం డబ్బు అక్కడే కట్టారు. పన్నెండో ఆయనకు ఆ శనివారం డ్యూటీ.